ధరల దొరకి దక్కిన పొగడ్త

సర్కారు సబ్బుకు ధర ఖాయం చేసిన వారానికే ఊళ్ళో సబ్బు మాయమైంది. దుకాణం ముందు వరస ఎంత పొడుగంటే, పెళ్ళికాని కుర్రాడొకడు దాని చివర నిలబడ్డాడు, ముందున్న అమ్మాయితో మాట కలిసింది, గల్లాపెట్టె దగ్గరికి చేరేసరికి వాళ్ళ పాపకి పాలపళ్ళు ఊడుతున్నాయి. ఆ పాపను నేను ఎత్తుకున్నాను కూడా. నమ్మకపోతే మీ ఇష్టం.

మా బావమరిది, అంటే మా ఆవిడ తమ్ముడు, మాతోనే ఉంటూ పత్రికలో వారం వారం ఆర్థిక విషయాలు రాసేవాడు. ధరల జోలికి సర్కారు పోకూడదన్నది అతని వాదం. సరుకు తక్కువైతే ధర పెరుగుతుంది, పెరిగితే లాభం చూసి ఇంకొకడు చేస్తాడు, అప్పుడు అదే దిగుతుంది. మధ్యలో దూరి ధర బిగించేస్తే చేసేవాడు కార్ఖానాకి తాళం వేసుకుని పోతాడు, అంతే అనేవాడు. ఊరి బడిలో చదివిన నా బుర్రకే అది ఎక్కింది.

ఆ ధర బిగించింది అతనితో ఒకే బెంచీ మీద చదివిన, ఇప్పటి మంత్రిగారి సలహాదారు. అందరూ ధరల దొర అనేవారు. ఏళ్ళ తరబడి ఇద్దరూ పత్రికలో ఒకరినొకరు ఉతికి ఆరేసుకున్నారు.

ఇంతలో పత్రికలో బొమ్మలేసే ఆయన ఖాళీ సబ్బుపెట్టె మీద మంత్రిని కూర్చోబెట్టి బొమ్మ వేశాడు. మర్నాడు పొద్దున్నే కారొచ్చి, రెండు మాటలు మాట్లాడాలని బొమ్మలాయన్ని తీసుకుపోయింది. ఆ రెండు మాటలూ ఇంకా పూర్తికాలేదు. అప్పటినుంచి వీధిలో కారు చప్పుడైతే మా ఇంట్లో నములుతున్న నోళ్ళు ఆగిపోయేవి. మా ఆవిడ కిటికీలన్నీ మూసి, ఉక్కపోతలో చెమటలు కక్కుతూ కూర్చునేది. చివరికి తమ్ముడి చేతులు పట్టుకుని బతిమాలింది. ఆ వారం అతను ధరల దొరని ఆకాశానికెత్తేస్తూ రాశాడు. ఆ వేళే మాకు కాస్త ముద్ద దిగింది.

మర్నాడు మధ్యాహ్నం పెరటి తలుపు ఎవరో గోకినట్టయింది. తీసి చూస్తే ధరల దొర. మొహం సున్నం కొట్టినట్టుంది. వంటింట్లోనే పీట మీద కూలబడి, మంచినీళ్ళు తాగబోయి సగం చొక్కా మీద పోసుకున్నాడు.

"నన్ను పొగడమని ఎవడు చెప్పాడ్రా నీకు?" అన్నాడు. "పొద్దున సమావేశంలో నా పక్క కుర్చీలో ఒక్కడూ కూర్చోలేదు. 'ఇన్నాళ్ళూ సర్కారుని తిట్టినవాడు మీ మనిషేనా?' అని మంత్రి నవ్వుతూ అడిగాడు. ఈ వారం నన్ను తిట్టు. ఎప్పటిలా తిట్టు."

"తిడితే కారు ఇక్కడికొస్తుంది."

"తిట్టకపోతే మా ఇంటికొస్తుంది."

ఇద్దరికీ గండం గడిచే దారి ఏదీ లేదా అన్నయ్యగారూ అని మా ఆవిడ అడిగింది.

బావమరిది కాగితం అందుకున్నాడు. నాలుగు వాక్యాలు రాసి చదివితే దొర పెదవి విరిచాడు. ఇంత మెత్తటి తిట్టు ఎవడు నమ్ముతాడని, తనే చెప్పడం మొదలుపెట్టాడు.

"తయారీ ఖర్చుకన్నా తక్కువ ధర పెట్టానని రాయి. కార్ఖానాలు మూతపడతాయని నాకు ముందే తెలుసని కూడా రాయి."

కలం ఆగింది. "నీకు తెలుసా?"

"తెలుసు."

"మరెందుకు సంతకం పెట్టావురా?"

"కారెక్కిన మొదటివాడు మీ బొమ్మలాయన అనుకుంటున్నావా? నా కుర్చీలో నాకు ముందు కూర్చున్నవాడు ఏడి?"

బావమరిది ఖర్చు మాట ఉంచి, తెలుసన్న మాట అడ్డంగా కొట్టేశాడు. దాని బదులు, ఈయన తన మాట తానే మనసారా నమ్మే మొండిఘటం అని రాశాడు. అది పచ్చి అబద్ధం. మిగతాదంతా నిజం. కింద తన పేరు పెట్టాడు. మా ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

పత్రిక వచ్చిన రోజు పొద్దున్నే కారు మా గుమ్మం ముందు ఆగింది. ఇద్దరు దిగారు. గొంతు పెంచలేదు. రాసిందెవరు, రెండు మాటలు మాట్లాడాలి అన్నారు. నా నోరు దానంతటదే తెరుచుకుంది.

"నేనే."

వాళ్ళిద్దరూ నా వైపు తిరిగారు. లోపలినుంచి బావమరిది చెప్పులేసుకుంటూ వచ్చాడు.

"మా బావ మాటలు పట్టించుకోకండి. ఆయనవన్నీ కోతలే" అన్నాడు, నా భుజం నొక్కి.

ఒట్టేసి చెప్పాను, ప్రతి అక్షరం నాదేనన్నాను. జన్మలో మొదటిసారి నా కోత ఒక్కటి ఎవరైనా నమ్మితే చాలనిపించింది. వాళ్ళలో పెద్దవాడు నన్ను మెల్లగా పక్కకి జరిపి, బావమరిదికి కారు తలుపు తీశాడు.