తడిస్తే పసుపు

రంజాన్ పద్నాలుగో రోజు మధ్యాహ్నం పన్నెండు గంటల ఇరవై నిమిషాలకు బస్రాలోని ఒక మందుల గోదాములో తనిఖీ గుమాస్తా జబ్బార్ ఉవైద్‌ను కాల్చి చంపారు. వయసు యాభై ఎనిమిది.

ఉదయం ఎనిమిదింటికి ఆయన ఎప్పటిలాగే స్టూలు మీద కూర్చుని అతినీలలోహిత దీపం వెలిగించాడు. ఇన్సులిన్ పెట్టెల మీద ముద్ర సీసం కలవని పెరోవ్‌స్కైట్ స్ఫటికాల సిరాతో వేస్తారు. దీపం కింద అది నీలంగా వెలిగితే సరుకు అసలుదని నిబంధన. నిబంధనలో లేనిది ఒకటి జబ్బార్ కనిపెట్టాడు. ఆరేళ్ల కిందట ఒక ముద్ర మీద ఆయన చెమట చుక్క పడింది. నీలం పసుపైంది. నకిలీ సిరా మాత్రం తడిసినా నీలంగానే ఉంటుందని తర్వాత తేలింది. అప్పటి నుంచి బొటనవేలు నాలుకకు తాకించి ప్రతి లోడులో ఒక ముద్రను రుద్దేవాడు. కిందటి నెల అలాగే రెండు నకిలీ లోడ్లు తిప్పి పంపాడు. రంజాన్‌లో మాత్రం ఉపవాసం కాబట్టి రుద్దడు. డ్రైవర్లందరికీ ఆ సంగతి తెలుసు.

పదకొండున్నరకు డ్రైవర్ ఫర్హూద్ లారీ నుంచి నాలుగు వందల పెట్టెలు దింపారు.

"దీపం చూపించి సంతకం పెట్టెయ్ హాజీ. ఈ నెల నీ నాలుక్కి సెలవేగా."

"నీ నాలుక్కి కూడా ఇస్తే బాగుణ్ణు."

అన్నీ నీలంగానే వెలిగాయి. జబ్బార్ నమాజుకు లేచి మోచేతుల దాకా కడుక్కున్నాడు. పెట్టె మీద పెట్టిన టోపీ అందుకోబోతే తడిచెయ్యి ముద్రకు తగిలింది. దీపం వెలుగులో రంగు మారలేదు. ఇంకో మూడు తడిపి చూశాడు.

"బండెక్కించుకుని పో."

"నిన్న కవరు అందలేదా?"

"అందింది. ఉత్తరం లేదు, తూటా ఉంది. చదవడానికేముంది?"

"ఊళ్లోవాళ్ల మందుల కోసం నువ్వెందుకు పోవాలి హాజీ? సంతకం పెట్టు."

"రోజూ మా ఆవిడకి నేను పొడిచే సూది ఇదే. పెట్టను."

జబ్బార్ కాగితం మీద 'నకిలీ' అని రాశాడు. ఫర్హూద్ లారీలోంచి పిస్తోలు తెచ్చాడు. మొదటి తూటా దవడలో దిగింది, తర్వాతి రెండూ ఛాతీలో. జబ్బార్ పెట్టెల మీదికి ఒరిగాడు. ఫర్హూద్ ఖాళీ లారీతో వెళ్లిపోయాడు. తూకం గుమాస్తా ముహైసిన్ తలుపు వెనక నుంచి ఇదంతా చూశాడు.

ఒంటిగంటకు పోలీసులు శవాన్ని లేపారు. కింద పదకొండు పెట్టెలు రక్తంలో తడిశాయి. ముహైసిన్ వాటిని గుడ్డతో తుడిచి దీపం పట్టాడు. పదకొండు ముద్రలూ నీలంగానే ఉన్నాయి.