చేత్తో ముట్టుకోని ఉంగరం

మా ఆయన తెల్లబంగారు నగలకు రోడియం అనే తెల్లటి లోహపు పూత వేస్తాడు. ఊళ్లోవాళ్ల ఉంగరాలన్నీ తళతళ మెరిపిస్తాడు గాని, నా పెళ్లి ఉంగరం పూత అరిగి, పచ్చబడి ఆరేళ్లయింది. అడిగితే చాలు, "రేపు చూద్దాంలే" అంటాడు. ఇవాళ నాకు ఒళ్లు మండింది. తిన్నగా దుకాణానికి వెళ్లి అందరితో పాటు వరసలో నిలబడ్డాను.

నా వంతు రాగానే ఉంగరం తీసి బల్ల మీద పెట్టాను. మా ఆయన తలెత్తకుండానే, "పది రోజులు పడుతుందండీ" అన్నాడు.

"ఆరేళ్లు ఆగినదాన్ని, పది రోజులొక లెక్కా?" అన్నాను.

వరసంతా గొల్లున నవ్వింది. ఆయన నాలుక కరుచుకుని, అప్పటికప్పుడే పనిలోకి దిగాడు. గీతలు పోయేదాకా ఉంగరానికి పాలిష్ పట్టాడు, సబ్బునీళ్లలో కడిగాడు, ఆవిరి పట్టాడు. ఇక పూత ద్రావణంలో ముంచడమే తరువాయి.

కడిగిన నగకు వేలు తగిలితే ఆ చోట పూత సరిగా అంటదు. అందుకే పట్టకారుతో తప్ప తాకనివ్వడు. ఎవరైనా పొరపాటున చెయ్యి పెట్టారా, ఒంటికాలి మీద లేస్తాడు.

అలాంటి మనిషి ఉంగరాన్ని దీపం కింద అటూ ఇటూ తిప్పి చూసి, ఏమనుకున్నాడో ఏమో, పట్టకారులోంచి చటుక్కున చేత్తో తీసి నా వేలికి తొడిగేశాడు!

"అయ్యో, చేత్తో ముట్టుకున్నారు!" అని అరిచాను.

"అవును కదూ! మళ్లీ మొదట్నుంచీ కడగాలి" అన్నాడు ముసిముసిగా నవ్వుతూ.

నా వెనకున్న పెద్దావిడ ఊరుకోలేదు. "కడుగుదువుగానిలే నాయనా, ముందు ఆ చెయ్యి వదిలితే గదా మా వంతు వచ్చేది!"