బెల్లం చుక్క

జాహిద్ చూపుడు వేలు కుంకుడు నీళ్ళలో ముంచి రికార్డు మీద రెండు చుక్కలు వదిలాడు. కళ్ళద్దాల మీద ఇంకో భూతద్దం పెట్టుకుని వంగాడు. రెండో చరణం దగ్గర, ఆవగింజలో నాలుగో వంతుండే బొడిపె ఒకటి నాలుగు రోజులుగా అతన్ని ఏడిపిస్తోంది. ప్లేయరు ముల్లు సరిగ్గా అక్కడికి రాగానే వెనక్కి పడుతుంది, ఒకే మాట తిరిగి తిరిగి వస్తుంది. సన్నగా చెక్కిన వెదురుపుల్లతో దాన్ని మెల్లగా గోకాడు. నానింది. ఇంకాస్త గోకాడు. ఊడి వచ్చేసింది.

“హమ్మయ్య!” అన్నాడు పైకే.

“ఊడిందా? బతికాం,” అంది వెనక నుంచి భార్య కుల్సుమ్, టీ గ్లాసు పెడుతూ. “నాలుగు రోజుల్నించి ఇంట్లో ఇదే గోల. ఇంతకీ వాళ్ళు మిమ్మల్ని చెయ్యమన్నది ప్లేయరుకి బెల్టు మార్చడమే కదండీ?”

“కంటికి కనపడ్డాక ఎలా వదిలేస్తాను చెప్పు!”

ఏలూరు తంగెళ్ళమూడిలో వాళ్ళ ఇంటి ముందు గదే కొట్టు. వాళ్ళ నాన్న రోజుల్లో అక్కడ తివాచీల మగ్గం ఉండేది. జాహిద్‌కి దారాల మీద మనసు పోలేదు. పంతొమ్మిదో ఏట మైకుసెట్టు వాళ్ళతో వెళ్ళిపోయాడు. గొట్టం మైకులు పడవలో వేసుకుని కొల్లేటి లంకల్లో పెళ్ళిళ్ళకు పాటలు వేశాడు. తర్వాత క్యాసెట్లొచ్చాయి, సీడీలొచ్చాయి, ఫోన్లొచ్చాయి. వచ్చిన ప్రతిసారీ ఇక జాహిద్ పని అయిపోయిందన్నారు. అవ్వలేదు. అలాగని పెరిగిందీ లేదు. ఇప్పుడతనికి అరవై ఎనిమిది. మెడ కొంచెం ముందుకు వంగిపోయింది, కుడిచేతి గోళ్ళ కింద నల్లటి చార ఎంత తోమినా పోదు. కానీ ఆ వేళ్ళు వణకవు.

ఈ రోజుల్లో రికార్డులెవరు వింటారయ్యా అని అడుగుతుంటారు. వినేవాళ్ళు వింటున్నారు. భీమవరం డాక్టరుగారికి పాటకు ముందు వచ్చే చిటపటలు కావాలట. సాహితి అని ఒక కాలేజీ పిల్ల, ఫోన్లో పదివేల పాటలున్నాయి అంకుల్, ఒక్కటీ చివరిదాకా విననంది. రిటైరైన అచ్యుతరావు మాస్టారైతే, పక్క తిప్పడానికి మాటిమాటికీ లేవాలి కదండీ, మోకాళ్ళకి మంచిది అంటాడు. జాహిద్ మటుకు పాట కంటికి కనపడాలంటాడు. గొంతు పెంచిన చోట గీత వెడల్పవుతుంది, తగ్గిన చోట సన్నబడుతుంది. దీపం కింద ఏటవాలుగా పట్టుకుంటే, వినకుండానే పాట ఎక్కడ ఊపిరి తీసుకుందో చెప్పగలడు. అందుకే రికార్డు మీద మురికి చూస్తే అతనికి ఒళ్ళు మండుతుంది. చంటిపిల్ల మొహం కడగకుండా ఎలా ఉంచుతారయ్యా అని కొట్టుకొచ్చిన వాళ్ళను కేకలేస్తాడు.

రికార్డు నీడన ఆరింది. ప్లేయరును పాత దుప్పట్లో చుట్టుకుని పది గంటలకు కైకలూరు బస్సెక్కాడు. అక్కణ్ణుంచి ఆటోలో మండవల్లి వెళ్ళాలి. అక్కడ మల్లికార్జునరావుగారిల్లు. తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి బెల్లం దిమ్మలు తెచ్చి నలభై ఏళ్ళు కొట్టు నడిపిన మనిషి. రెండేళ్ళుగా మతిమరుపు జబ్బు, మనుషుల్ని పోల్చుకోవడం లేదు. పోయిన వారం ఆయన తమ్ముడి కొడుకు ప్రదీప్ వచ్చి ప్లేయరూ, దానిమీదున్న రికార్డూ ఇచ్చి, “బెల్టు తెగిందండి, తొందరగా మార్చమంది మా పెద్దమ్మ” అని వెళ్ళిపోయాడు. ఇంకేమీ చెప్పలేదు.

బస్సు కొల్లేటి మీదికొచ్చింది. మబ్బు కమ్మిన పగలు. నీళ్ళెక్కడ ఆగాయో ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. గూడబాతులు కదలకుండా నీళ్ళ మీద కూర్చున్నాయి. చేపల చెరువుల్లో నీళ్ళు చిలికే చక్రాలు మెల్లగా తిరుగుతున్నాయి. ఒళ్ళో బరువు పెట్టుకుని జాహిద్ చిన్న కునుకు తీశాడు. ఆ నిద్రలో ఏదో లంకలో పెళ్ళి, తడిసిన పందిరి, అతను వేసిన పాట నీళ్ళ మీదుగా పోయి అవతలి ఒడ్డు తాకి తిరిగొస్తోంది.

“తాతగారూ, అందులో ఏంటండీ? లగేజీ కొట్టాలా?” కండక్టరు తట్టి లేపాడు.

“పాటలు నాయనా,” అన్నాడు జాహిద్. కండక్టరు నవ్వి వెళ్ళిపోయాడు.

మండవల్లిలో రావుగారి భార్య భాగ్యలక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ప్లేయరు చూడగానే ఆవిడ మొహం విప్పారింది. “వచ్చారా జాహిద్ గారూ! వారం రోజులు వారం యుగాలయ్యాయండీ. రండి రండి.”

రావుగారు కిటికీ పక్క కుర్చీలో ఉన్నారు. తెల్లగా, శుభ్రంగా, ఎటో చూస్తూ. జాహిద్ నమస్కారం పెడితే, “ఎవరి తాలూకండీ?” అన్నారు మర్యాదగా. భార్యకేసి చూసి, “ఈవిడెవరో పొద్దుట్నించీ ఇక్కడే ఉన్నారు,” అన్నారు. ఆవిడ వినీ విననట్టు కొంగు సర్దుకుంది.

జాహిద్ ప్లేయరు బల్ల మీద పెట్టి, ముల్లు దించాడు. పడవ పాట. ఎంత హాయిగా ఉందో! తెరలు కడిగేసినట్టు గొంతు ఎదురుగా వచ్చి నిలబడింది. మొదటి చరణం అయింది, రెండోది మొదలైంది. ‘వెన్నెల నీళ్ళల్లో’ అన్న చోటు వచ్చింది, దాటింది, ‘పడవ సాగింది’ అంటూ పాట ముందుకు పోయింది. జాహిద్ గర్వంగా ఆవిడకేసి చూశాడు.

భాగ్యలక్ష్మి మొహంలో నెత్తురు చుక్క లేదు.

“అక్కడ ఆగలేదేంటండీ?” అంది.

“తీసేశానమ్మా. ఏదో అంటుకుని ఉంది. నాలుగు రోజులు పట్టింది. దానికేమీ ఇవ్వక్కర్లేదు.”

“అయ్యో,” అంటూ ఆవిడ అక్కడే గడప మీద కూలబడింది. “అయ్యో, ఎంత పని చేశారండీ!”

ఆవిడ ఏడుస్తూనే చెప్పింది. పెళ్ళయిన కొత్తలో ఆయన కొట్టునుంచి వచ్చి, బెల్లం చేత్తోనే ఆ రికార్డు తీశారట. అప్పుడు పడిన మరక. అప్పటినుంచి పాట అక్కడ ఆగిపోవడం, ఆయన లేచివచ్చి చిటికెన వేలితో ముల్లు ముందుకు తొయ్యడం. యాభై ఏళ్ళ అలవాటు. జబ్బు అన్నీ పట్టుకుపోయింది గానీ దాన్ని వదిలేసింది. పాట ఆగగానే ఆయన ఎవరూ పిలవకుండా లేస్తారు. ముల్లు తోసి, వెనక్కి తిరిగి, “భాగ్యం, బెల్లం మీద మూత పెట్టావా? చీమలు పడతాయి” అంటారు. పేరు పెట్టి. రోజుకు ఒక్కసారి.

“ప్రదీపు ఫోన్లో పెట్టాడండీ ఇదే పాట. కదల్లేదు. ఫోన్లో అది ఎక్కడా ఆగదు కదా. ఇంక నన్ను పేరు పెట్టి పిలిచే దారే లేదు.”

జాహిద్ ముల్లు ఎత్తేశాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. చేతిలో పడిన ప్రతిదాన్నీ శుభ్రం చేస్తానన్న పొగరు కాకపోతే, అడగనివాళ్ళకు ఈ పని ఎందుకు చేసినట్టు? బెల్టు మార్చి ఇచ్చేస్తే పోయేది. కుల్సుమ్ చెప్తూనే ఉంది.

“అమ్మా, ఇంట్లో బెల్లం ఉందా?” అన్నాడు.

“బెల్లానికేం కరువండీ?”

“పాకం పట్టండి. గరిటెడు చాలు.”

ఇంట్లో ఆ బొడిపె తీస్తున్నప్పుడు గుర్తు కోసం రికార్డు మధ్య కాగితం అంచున సుద్దముక్కతో చుక్క పెట్టుకున్నాడు. దానికి సూటిగా, గీతలు లెక్కపెట్టుకుంటూ పోయి చోటు పట్టాడు. గుండుసూది మొనతో పాకం అంటించాడు. ఆరబెట్టి వేస్తే, ముల్లు దాన్ని చీల్చుకుని చక్కా పోయింది.

“తీగపాకం చాలదండీ,” అంది భాగ్యలక్ష్మి, కళ్ళు తుడుచుకుని. ఇప్పుడావిడ గొంతులో వంటింటి పెత్తనం వచ్చింది. “ఉండండి. నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి, ఉండ కొడితే ఖంగుమనాలి.”

మళ్ళీ పట్టింది. ఈసారి ముల్లు ఎగిరి రెండు గీతలు ముందుకు దూకింది. కడిగాడు. కుంకుడు నీళ్ళు లేవు, గోరువెచ్చటి నీళ్ళతోనే. ఆరేదాకా ఇద్దరూ కాచుకుని కూర్చున్నారు. మూడోసారి చుక్కను గీతకు ఒక్క వైపే, సూది మొన అంత పెట్టాడు. బయట మబ్బు విడిచి పల్చటి ఎండ వచ్చింది. నలభై తొమ్మిదేళ్ళుగా ఏ రికార్డుకూ మచ్చ రానివ్వని చెయ్యి, మొదటిసారి కావాలని మచ్చ పెట్టింది.

ముల్లు దించాడు. మొదటి చరణం అయింది. భాగ్యలక్ష్మి గుమ్మం పట్టుకుని నిలబడింది.

‘వెన్నెల నీ... వెన్నెల నీ... వెన్నెల నీ...’

రావుగారు తల తిప్పారు. పాదాలతో తడుముకుని చెప్పులు తొడుక్కుని, కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. జాహిద్ పక్కకు తప్పుకున్నాడు. ఆయన వంగి, చిటికెన వేలితో ముల్లును అలవోకగా తోసి, వెనక్కి తిరిగారు.

“భాగ్యం, బెల్లం మీద మూత పెట్టావా? చీమలు పడతాయి.”

“పెట్టానండీ,” అంది ఆవిడ. “ఇదిగో, ఇప్పుడే పెట్టాను.”

జాహిద్‌కి కళ్ళ నీళ్ళాగలేదు. ఆవిడ ఏడుస్తూనే నవ్వుతోంది. రావుగారు మళ్ళీ కూర్చుని, చెప్పులు విడిచి, పాట చివరిదాకా విని, కళ్ళు మూసుకున్నారు.

“ఇంకొక్కసారి వెయ్యండి జాహిద్ గారూ,” అంది ఆవిడ. “రోజుకోసారే అంటారు గానీ, వారం బాకీ పడ్డారు కదా. ఈలోపు గరిటె కడిగి, మీకు భోజనం వడ్డిస్తాను.”

అతను ముల్లు దించి, చేతులు కడుక్కోవడానికి వసారాలోకి వెళ్ళాడు. పంపు దగ్గర బెల్లం జిగురు తొందరగా వదల్లేదు. వేళ్ళు తోముకుంటూ పాట విన్నాడు. ఎండ గోడ దిగుతోంది. ఎక్కడో చెరువు గట్టున ఎవరో ఎవరినో పిలుస్తున్నారు.

‘వెన్నెల నీ... వెన్నెల నీ...’

ఇప్పుడు లేస్తారు, అనుకున్నాడు జాహిద్. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడా వింటోంది.

‘వెన్నెల నీ... వెన్నెల నీ... వెన్నెల నీ...’

పాట అక్కడే తిరుగుతోంది. జాహిద్ చేతులు తుడుచుకోకుండానే లోపలికొచ్చాడు. భాగ్యలక్ష్మి అప్పటికే కుర్చీ పక్కన ఉంది. “ఏవండీ,” అంది. భుజం మీద చెయ్యి వేసింది. “ఏవండీ, పాట ఆగింది.” ఆయన తల కిటికీ వైపు వాలి ఉంది. మొహంలో ఏ బాధా లేదు, ఛాతీలో కదలికా లేదు.

జాహిద్ ముల్లు ఎత్తబోయాడు.

“వద్దండీ,” అంది ఆవిడ, చూపు తిప్పకుండా. “తిరగనివ్వండి.”

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక తల దించుకున్నాడు. కుర్చీ కింద రావుగారి మెత్తటి ఇంటి చెప్పులు. కుడికాలు చెప్పులో దూరి నేలకు ఆని ఉంది. ఎడమ చెప్పు అర అడుగు అవతల, నోరు తెరుచుకుని, ఖాళీగా ఉంది.