షిఫ్ట్ నొక్కితేనే ళ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా లైబ్రరీలో అందరికీ తెలుసు. వెనకాల నన్ను డ్రాయరమ్మ అంటారని నాకూ తెలుసు. చదువుకునే గది గోడవారన అరవై సొరుగుల చెక్క బీరువా ఒకటుంది. అందులో పదకొండు వేల కార్డులు. పుస్తకానికో కార్డు, దాని మీద పుస్తకం పేరు, రాసినవారి పేరు, ఏ వరసలో ఏ అరలో ఉందో ఆ వివరం. సగానికి పైగా నా చేతిరాతే. ఇరవై ఆరేళ్ళుగా ఆ సొరుగును ఎవరైనా లాగి సరిగా మూయకపోతే గదంతా అదిరేలా కేకేశాను. దానికి నేనేమీ సిగ్గుపడను.

ఆ బీరువాను శుక్రవారం తుక్కువాడికి ఇచ్చేస్తారని కబురు వచ్చింది. కార్డులన్నిటినీ ఒక కంపెనీ వాళ్ళు మూడు వారాల్లో ఆన్‌లైన్‌లోకి ఎక్కించేశారట. ఇక మిగిలింది నా సంతకం. "కార్డులన్నీ సరిచూశాను, ఆన్‌లైన్ జాబితాలో తప్పులు లేవు, కార్డులను పారవేయవచ్చు" అని రాసిన కాగితం మా లైబ్రేరియన్ గారు నా బల్ల మీద పెట్టారు.

"పెట్టనంటే?" అన్నాను.

"మిమ్మల్ని గోదాములోకి మార్చాల్సి వస్తుందమ్మా. కొత్త పద్ధతి నేర్చుకోలేనివాళ్ళకి పైన పనేముంటుంది?" అన్నారాయన, నవ్వుతూనే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

నేర్చుకోలేనని ఎవరు చెప్పారు? నేర్పించడానికి కంపెనీ ఒక అమ్మాయిని పంపింది. మంచి పిల్లే, కాకపోతే మాట ముందు ఒకసారి, వెనక ఒకసారి ఆంటీ అంటుంది.

"ఆంటీ, తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి ఆంటీ. మామూలుగా ఎల్ కొడితే ల. షిఫ్ట్ పట్టుకుని ఎల్ కొడితే ళ. టి కొడితే త, షిఫ్ట్‌తో టి కొడితే ట. అంతే ఆంటీ, చాలా ఈజీ."

నోటు పుస్తకంలో రాసుకున్నాను. రెండు చూపుడువేళ్ళతో, ఒక్కో అక్షరాన్నీ వెతుక్కుంటూ కొట్టాను. ఆ అమ్మాయి మాత్రం పది వేళ్ళతో టపటపా కొట్టేది. ఏ పుస్తకం అడిగినా కన్ను మూసి తెరిచేలోగా తెర మీదికి తెచ్చి, "చూశారా ఆంటీ, ఉంది" అని వెంటనే ఇంకో తెరకు వెళ్ళిపోయేది. నేను కొడితే మాత్రం సగం పుస్తకాలు దొరికేవి కావు. "ఫలితాలు లేవు" అని వచ్చేది. నా వేళ్ళదే తప్పనుకుని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను నోరు మూసుకున్న వారం అదొక్కటే.

మంగళవారం మధ్యాహ్నం మా వీధి చివర కుట్టు దుకాణం నడిపే టైలరక్క వచ్చింది. కొత్తగా కుడుతున్న కోటుకు చేతులు కుదరడం లేదట. "కుట్టు కళ" అనే పాత పుస్తకంలో ఆ కొలతల పటం ఉందని ఎవరో చెప్పారట. ఫోనులో శుభ్రంగా తెలుగు అక్షరాలు నొక్కి వెతికిందట.

"లేదని వస్తోంది. పారేశారా ఏంటి?" అంది.

నేర్పించే అమ్మాయి ఆ ఫోనులోకి తొంగి చూసి, "లేదంటే లేనట్టే ఆంటీ. సిస్టమ్‌కి తెలియని పుస్తకం లైబ్రరీలో ఎలా ఉంటుంది?" అంది.

నేను లేచాను. క సొరుగు లాగాను, కార్డు తీశాను, ఏడో వరసకు వెళ్ళాను. నీలం అట్ట, వీపు మీద రెండు కుట్లు. ఆ కుట్లు వేసింది కూడా నేనే. తెచ్చి టైలరక్క చేతిలో పెట్టాను.

"సిస్టమ్‌కి పరిచయం చెయ్యి, పాపం," అన్నాను ఆ అమ్మాయితో.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే మా అత్తగారి ముందు కంప్యూటర్ పెట్టుకుని, లైబ్రరీ ఆన్‌లైన్ జాబితా తెరిచి కూర్చున్నాను. ఆవిడ ముప్పై ఏళ్ళు బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. ఎవరైనా ళ బదులు ల అంటే అన్నం ముందు నుంచైనా లేచి దిద్దుతారు. పెళ్ళైన కొత్తలో నేను పెల్లి అన్నందుకు నా చేత పదిసార్లు పెళ్ళి అనిపించిన మనిషి. కార్డుల పేర్లు రాసుకొచ్చిన కాగితం చూసి ఆవిడ చదువుతుంటే నేను కొడుతున్నాను.

"కళ్ళ రక్షణ," అన్నారు.

కొట్టాను. షిఫ్ట్ మరిచిపోయాను. తెర మీద "కల్ల రక్షన" అని పడింది.

"కల్ల కాదే, కళ్ళ! నాలుక మడవాలి."

"ఇక్కడ మడవాల్సింది నాలుక కాదత్తయ్యా, వేలు," అంటూ చెరపబోయి ఆగిపోయాను. కింద పుస్తకం కనబడుతోంది. రాసినవారి పేరు మాదే, వరస మాదే, అర మాదే. పేరు మాత్రం "కల్ల రక్షన".

చెరిపి సరిగ్గా కొట్టాను. ఫలితాలు లేవు. మళ్ళీ తప్పుగా కొట్టాను. ఉంది!

అప్పుడు గుట్టు తెలిసింది. తొందరలో ఆ కంపెనీ వాళ్ళెవరూ షిఫ్ట్ నొక్కలేదు. అత్తగారు చదువుతూ పోయారు, నేను షిఫ్ట్ వదిలేసి కొడుతూ పోయాను. "ఇంటి మరమ్మతులు" కాస్తా "ఇంతి మరమ్మతులు" అయింది.

"ఆడదానికి మరమ్మతులా? ఎవడే వాడు?" అని అత్తగారు కళ్ళజోడు తీసేసి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. నవ్వు తగ్గాక, "ఆ కార్డులు పోతే ఇక సరైన పేరేదో ఎవరికి తెలుస్తుందే? నువ్వు సంతకం పెట్టావంటే ఈ ఇంట్లో నీతో మాట్లాడను," అన్నారు.

మర్నాడు లైబ్రేరియన్ గారికి చూపించాను. ఆయన కాగితం నా వైపు జరిపి, "ల అయితేనేం, ళ అయితేనేం? చిన్న చిన్నవి తర్వాత చూద్దాం. ముందు సంతకం కానివ్వండి," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. ల అయితేనేం! నా ఇరవై ఆరేళ్ళూ ఆ తేడాలోనే ఉన్నాయి.

శుక్రవారం మా లైబ్రరీ కమిటీ అధ్యక్షుల వారు వచ్చారు. బయట తుక్కు బండి ఆగి ఉంది. బల్ల మీద కాగితం, దాని మీద పెన్ను.

"సంతకానికేం, పెడతాను. ముందు మీ ఫోనులో మీకిష్టమైన పుస్తకం ఒక్కటి వెతకండి సార్," అన్నాను.

ఆయన ఏది వెతుకుతారో నాకు తెలుసు. ఎప్పుడు వచ్చినా వాళ్ళ నాన్నగారు రాసిన పుస్తకం దగ్గరికే వెళ్ళి, దుమ్ము ఉందేమో వేలితో తుడిచి చూసుకుంటారు. "కోటల చరిత్ర" అని నొక్కారు. ఫలితాలు లేవు. మళ్ళీ నొక్కారు. లేవు. ఆయన ముఖం ఎర్రబడింది.

"సార్, ఆగండి, నేను వెతుకుతాను," అని నేర్పించే అమ్మాయి కంప్యూటర్ ముందుకు పరుగెత్తి టపటపా కొట్టింది. "ఇదిగో సార్, ఉంది!"

"ఈసారి తెర మార్చకమ్మా. పేరు పైకి చదువు," అన్నాను.

అధ్యక్షుల వారే వంగి చదివారు. "కోతల చరిత్ర." కింద వాళ్ళ నాన్నగారి పేరు.

లైబ్రేరియన్ గారు కిటికీలోంచి తుక్కు బండిని చూడటం మొదలుపెట్టారు.

"తప్పుగా ఎక్కించినవాళ్ళు తప్పుగానే వెతుకుతున్నారు, అందుకే వాళ్ళకి దొరుకుతోంది. సరిగ్గా రాసేవాళ్ళకి మాత్రం లేదని చెబుతోంది. మీ నాన్నగారు కోతలు కోశారని నేను సంతకం పెట్టను సార్. ఈ పదకొండు వేల కార్డుల్లో ఏ ఒక్కదాని గురించీ పెట్టను. బీరువా ఇక్కడే ఉంటుంది. ఒక్కో కార్డు తీసి నేనే దిద్దుతాను. గోదాములోకి పంపిస్తారా, పంపండి, బీరువాతో సహా వెళ్తాను."

గదిలో చదువుకుంటున్నవాళ్ళు తలలెత్తారు. నేను గొంతు తగ్గించలేదు.

"మీకీ కంప్యూటర్ పని వచ్చా?" అన్నారు అధ్యక్షుల వారు.

"వీళ్ళకంటే ఒక మీట ఎక్కువే వచ్చు."

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"పదకొండు వేల కార్డులు, నాకు రెండు వేళ్ళు. పట్టినన్నాళ్ళు పడుతుంది."

ఆయన కాగితం అందుకుని నిలువునా చింపారు. తుక్కు బండి ఖాళీగా వెళ్ళిపోయింది.

నేను క సొరుగు లాగి బల్ల మీద పెట్టుకున్నాను. నేర్పించే అమ్మాయి కుర్చీ నా పక్కకు జరుపుకుంది. ముఖం చిన్నబోయి ఉంది.

"అక్కా," అంది మొదటిసారి, "ముందు సార్ వాళ్ళ నాన్నగారిది దిద్దేద్దాం. ఆయన ఇక్కడే నిలబడ్డారు."

"క గుణింతంలో కొమ్ము ముందొస్తుందా, ఓత్వం ముందొస్తుందా?"

"కొమ్మే."

"మరి ఆయన్ని కూర్చోమను," అని షిఫ్ట్ మీద ఎడమ వేలు ఆనించి, "కుట్టు కళ" అని కొట్టాను.