ఎదురుగాలి లెక్క

విమానాల కంపెనీలో దారులు లెక్కగట్టే గదిలో ఆమెది పదకొండేళ్ళ అనుభవం. అందరూ ‘నిమిషాలమ్మ’ అనేవారు. ఏ విమానం ఎంతసేపు ఎగురుతుందని అడిగినా ‘సుమారుగా’ అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. ఆ గదికి అధికారి ఆమె సొంత మేనమామే. ఇంట్లో ‘మామయ్యా’, ఆఫీసులో ‘సార్’.

ఆ చలికాలంలో కంపెనీ ఒక దూరదేశానికి కొత్త విమానం మొదలుపెట్టబోతోంది. రెండు విమానాశ్రయాల మధ్య ఎనిమిది వేల నూరు కిలోమీటర్లు. తొమ్మిదిన్నర గంటల్లో చేరుస్తామని ప్రకటనలు కూడా అచ్చయిపోయాయి. ఆమె లెక్కలో మాత్రం పదిన్నర తేలింది. పది దాటితే ఇద్దరు పైలట్లు చాలరు, మూడో మనిషి ఉండాలని కంపెనీ నియమం.

మేనమామ కాగితం చూసి మొహం గంటు పెట్టుకున్నాడు.

“ఈ గంట ఎక్కణ్ణుంచి ఊడిపడిందే?”

“ఎదురుగాలి సార్. ఈ నాలుగు నెలలూ అటు వెళ్ళేటప్పుడు గంటకి ఎనభై కిలోమీటర్లు అదే మింగేస్తుంది. మూడేళ్ళ గాలి వివరాలు వెనకే కుట్టాను.”

“గాలి తీసేసి లెక్క వెయ్యి. పైవాళ్ళకి మాటిచ్చేశాను.”

“మీరు మాటిచ్చిన సంగతి గాలికి తెలీదు కదండీ!”

పక్క బల్లల దగ్గర కిసుక్కున నవ్వులు వినిపించాయి. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. గొంతు తగ్గించి, “అమ్మాయ్, నిన్ను ఇక్కడ చేర్పించింది నేను. ఒక్క సంతకం!” అన్నాడు.

“చేర్పించారు కాబట్టే మీ పరువు కాపాడుతున్నాను. నేను పెట్టను.”

ఆయనే విసురుగా కలం లాక్కుని తొమ్మిదిన్నర కింద సంతకం గీకేశాడు. సాయంత్రానికల్లా ఆమెను పోయిన సామాన్ల కౌంటరుకు బదిలీ చేశారు. ఆమె ఆర్డరు పుచ్చుకుని, తన కాగితం నకలు తీసుకెళ్ళి పైలట్ల గది బోర్డుకు నాలుగు మూలలా పిన్నులు గుచ్చి మరీ తగిలించింది. కింద తన సంతకం కూడా పెట్టింది.

మొదటి ప్రయాణం రోజు పొద్దున్నే పెద్ద పైలట్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చదివాడు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు.

“మూడో పైలట్ వచ్చేదాకా నేను కదలను” అన్నాడు.

విమానం రెండు గంటలు ఆలస్యంగా లేచింది. గాలిలో ఉన్నది పది గంటల ముప్ఫై నాలుగు నిమిషాలు.

మర్నాడు మేనమామ కౌంటరు దగ్గరికి వచ్చాడు. చుట్టూ పిడులు ఊడిన పెట్టెలు.

“పైవాళ్ళు మండిపడుతున్నారు. తప్పయిందని రెండు ముక్కలు రాసివ్వు. వెనక్కి తీసుకుంటారు.”

“అలాగే మామయ్యా” అని ఆమె అక్కడికక్కడే రాసిచ్చింది. ‘నా లెక్కలో నాలుగు నిమిషాలు తక్కువ చూపినందుకు చింతిస్తున్నాను.’

ఆయన దాన్ని కౌంటరు మీదే విసిరికొట్టి వెళ్ళిపోయాడు. ఆ ఉత్తరం మాత్రం ఒక్క పూటలో ఆఫీసంతా తిరిగొచ్చింది. ఆమె సంతకం లేని కాగితంతో దూరప్రయాణాలు చెయ్యబోమని పైలట్లందరూ రాసిచ్చారు. పదకొండో రోజున ఆమెను పాత గదికి పిలిచారు. ప్రకటనల్లో తొమ్మిదిన్నర పోయి పదిన్నర వచ్చింది.

మేనమామ నెలరోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆమే వెళ్ళి పలకరిస్తుందని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆమె పలకరించలేదు.