యాకమ్మ రేకుల చారు

కాశిబుగ్గ నేతగాళ్లకు తినడం రాదని రాసింది మీరే. సొసైటీ కుర్చీల్లో కూర్చున్న పెద్దలారా, ఆ మాట మీ ఫైల్లోనే ఉంది. ఎవరో మీ నోట్లో పెట్టలేదు. ఏ దూరదేశపు మనుషులో ఆకలిగొన్న వాళ్లకని డబ్బాలు పంపితే, వాటిని డోర్నకల్ స్టేషన్లో దించుకుని, లారీలో తెచ్చి, ఐదు నెలలు గోదాములో పేర్చి, "ఈ పదార్థము వీరికి వాడుక లేదు" అని సంతకం చేసింది మీరు. ఎవరిని అడిగి రాశారు? యాకమ్మను అడిగారా? ఆమె ఉందని కూడా మీకు తెలియదు.

అది ఎనభై మూడు ఎండాకాలం. రెండు నెలలుగా కాశిబుగ్గలో మగ్గం చప్పుడు లేదు. మగ్గం గుంటల్లో పిల్లులు పిల్లలు పెట్టాయి. మగ్గాలకు చిలపలుగా చుట్టిన నూలు ఇవ్వాల్సిన సొసైటీ, నూలు పైనుంచే రావడం లేదని చేతులు దులుపుకుంది. గోదాము తలుపుకు మాత్రం రెండు తాళాలు. లేని నూలుకు రెండు తాళాలెందుకని ఎవరికీ తట్టలేదు. కడుపు కాలుతున్న వాడికి ఇలాంటి ప్రశ్నలు ఆలస్యంగా తడతాయి.

సొసైటీ గేటు ముందు తాటాకు పందిరి వేసుకుని రెండు వందల మంది బైఠాయించారు. వాళ్లను కూర్చోబెట్టినవాడు సారంగపాణి. నలభై ఏళ్ల నేతగాడు, ఆరో తరగతి దాకా చదివాడు, అర్జీ రాయగలడు, రాసింది గట్టిగా చదవగలడు. నూలు వచ్చేదాకా లేవమని అందరి తరఫునా మాట ఇచ్చింది అతనే. పదకొండో రోజు పొద్దున చూస్తే పందిట్లో బియ్యం గోనె ఖాళీ అయి మడత పెట్టి ఉంది. అప్పటికే మూడు కుటుంబాలు మరమగ్గాల పని వెతుక్కుంటూ భీవండి రైలెక్కాయి. ఈ పందిరి లేచిందంటే మిగిలిన వీధి కూడా ఆ రైలే ఎక్కుతుంది. ఆ సంగతి సారంగపాణికి తెలుసు. సొసైటీ మేనేజరు పాండురంగానికి ఇంకా బాగా తెలుసు.

అందుకే ఆ పొద్దున పాండురంగం నవ్వుతూ వచ్చాడు. వెనక అటెండరు ఒక పెద్ద అట్టడబ్బా మోసుకొచ్చి పందిరి కింద దించాడు.

"సారంగపాణీ, సర్కారు మిమ్ముల మరిచిపోలే. విదేశాలకెల్లి సాయం వచ్చింది. ఇది నమూన. లోపల ఇసొంటియి ఇంక శానా ఉన్నయి. కావాల్నంటే వండుకొని తినుండ్రి. వద్దంటే ఈ కాయితం మీద సంతకం పెట్టు. మూడింటికి కలెక్టరాఫీసుకెల్లి తనిఖీ సారు వస్తాండు, ఆయనకు ఏదో ఒకటి చూపియ్యాలె."

కాగితం మీద ఒకటే వాక్యం. నేతకార్మికులకు ఈ ఆహార సాయం అక్కర లేదు. అంతే. ఆహారం అక్కర లేని వాళ్లు ఆకలితో ఎలా కూర్చున్నారని సాయంత్రం ఎవరైనా అడుగుతారు. జవాబు ఆ కాగితంలోనే ఉంటుంది. పందిరి పీకేస్తారు.

డబ్బా విప్పారు. లోపల పసుపు పచ్చటి రేకులు. అరచేయంత వెడల్పు, జానెడు పొడుగు, అంచులు చీర కుచ్చిళ్లలా వంకర్లు తిరిగి, కర్రచెక్కలా గట్టిగా ఉన్నాయి. సారంగపాణి ఒకటి కొరికాడు. టక్కున విరిగింది, రుచీ లేదు, పచీ లేదు.

"ఇయి తినేటియా, ఇంటి మీద కప్పేటియా?" అంది చిలుకమ్మ. ఆకలి మీదున్నా నోరు ఊరుకోని మనిషి ఆమె. "మా ఇంట్ల రెండు పెంకులు పగిలినయి, నాకియ్యుండ్రి."

అందరూ నవ్వారు. ముసలి పోశయ్య నవ్వలేదు. ఆయన రేకును నాలుక మీద పెట్టుకుని, కళ్లు మూసుకుని, తలాడించాడు. "మైదపిండిరా ఇది. గంజి పెట్టుకోను పంపిన్లు. నేసెటోనికి పిండి బిళ్లలు ఇంకెందుకు పంపుతరు?"

నేతగాడికి గంజి అంటే ముందు నూలుకు, తర్వాత నోటికి. కాశిబుగ్గ మొత్తంలో పడుగు మిగిలి ఉన్నది పోశయ్య ఒక్కడికే. పండుగ చీర కోసం దాచుకున్న చివరి పడుగు. ఆయన రెండు చేతులా రేకులు ఎత్తుకుపోయి, పెద్ద గంజు గిన్నెలో గంట సేపు కుతకుత ఉడికించి జిగురు చేశాడు. అందులోంచి కొంత చిన్న సట్టిలో పోసుకుని, పడుగును వీధి పొడుగునా చాపి కట్టి, కుంచె ముంచి నున్నగా పూశాడు. పనితనంలో వంక పెట్టడానికి లేదు. పూత ఎక్కడా ఉండ కట్టలేదు.

అప్పుడొచ్చింది మేక. పడుగును ఈ చివర నుంచి నాకడం మొదలుపెట్టి ఆ చివరకు పోతోంది. పోశయ్య కుంచెతో కొడితే కుంచెను కూడా నాకింది.

పాండురంగం పొట్ట పట్టుకుని నవ్వాడు. "చూసినవా సారంగపాణీ? తినేదేదో పూసేదేదో తెల్వనోళ్లు మీరు. మేకకున్న తెలివి లేకపాయె. పెట్టు సంతకం."

సారంగపాణికి చెవులు మండాయి. అతను పందిట్లోకి చూశాడు. ఎండకు వాడిన పిల్లలు, తల వాల్చేసిన పెద్దలు. ఈ చెక్కల్ని చూపించి రేపటిదాకా వీళ్లను ఎలా కూర్చోబెట్టడం? అతను కలం అందుకున్నాడు.

"నా మేక ఏం తింటాంది?" అంటూ యాకమ్మ వచ్చింది.

యాభై అయిదేళ్ల మనిషి. మొగుడు డోర్నకల్‌లో రైలు పట్టాల గ్యాంగులో పనిచేసి చనిపోతే, పుట్టింటికి తిరిగొచ్చి కండెలు చుట్టుకుని బతుకుతోంది. మాట తక్కువ. అందుకని ఆమెకేమీ తెలియదని అందరూ అనుకున్నారు. మనం చేసే తప్పుల్లో ఇది మొదటిది.

ఆమె మేకను చెవి పట్టి లాగింది. పడుగు మీది పూతను వేలితో తీసి నోట్లో పెట్టుకుంది. నడుస్తూ వచ్చి డబ్బాలోకి చూసింది. ఆమె ముఖం మారిపోవడం సారంగపాణి చూశాడు. చాలా ఏళ్లకు కనిపించిన చుట్టాన్ని చూసినట్టు చూసింది ఆ రేకుల్ని.

"తమ్మీ, కలం కింద పెట్టు. ఇది లసాన్య రేకు."

"ఏం రేకు?"

"లసాన్య. డోర్నకల్ల ఇంజినీరు బంగ్లల ఎనిమిదేండ్లు వంట చేసిన. ఆయన పెండ్లాం ఇటలీ దేశపామె. అయితారమైతె ఇదే వంట. రేకు పరుసుడు, మీద కైమ, టమాట, దాని మీద జున్నసొంటి పాలగడ్డ, మల్ల రేకు. అట్ల అయిదు వరుసలు. ఇనుప భట్టిల పెడితె పైన ఎర్రగ మాడుతది. ఆ మాడు కోసం పిల్లలు కొట్టుకునేది."

"మనకు భట్టి ఏడిది అక్కా?"

"బేకరోని భట్టి అడుగుదాం" అంది చిలుకమ్మ.

"బేకరోని భట్టిల ఇరవై మందికైతది. మిగిలినోళ్లు వాసన చూడాల్నా? భట్టిల పెడితె కత్తితోని కోసి పంచాలె. గంజుల పెడితె గంటెతోని పంచొచ్చు." యాకమ్మ చీర కొంగు బిగించింది. "చారు చేద్దాం. వంట అదే. వరుసలు పేర్చి నిలబెట్టేదాన్ని జారుగ చేద్దాం, అంతే."

పాండురంగం గడియారం చూసుకున్నాడు. "మూడింటిదాక టైమున్నది. చేసుకోండ్రి, నేనూ చూస్త."

ఆ నాలుగు గంటలు సారంగపాణి తన జన్మలో మరచిపోలేదు. పది రోజులు మైకు లేకుండా అరిచి అతను కదిలించలేని మనుషుల్ని ఈ మనిషి వేలు చూపించి కదిలించింది. మటన్ దుకాణానికి ఇద్దరిని తరిమింది, బొక్కలు ఊరికే ఇస్తాడు, తల వంచుకోకుండా అడగమని. మార్కెట్లో మెత్తబడి పారేసే టమాటాలకు నలుగురిని. ఇంటికొక ఉల్లిగడ్డ, ఇంటికొక ఎల్లిగడ్డ. పాలగడ్డకు బదులు అప్పు తెచ్చిన పెరుగు. ఆ పెరుగును, పోశయ్య నేసిన పలచటి గుడ్డలో యాకమ్మే మూటగట్టి పందిరి గుంజకు వేలాడదీసింది. నీరంతా కారిపోయి, మధ్యాహ్నానికి పెరుగు వెన్నలా గట్టిపడింది.

"ఆ ఇటలీ ఆమె ఏదో ఎండిన ఆకు సీసల పోసి తెచ్చేది. వాసన చూస్తె మన వామాకే" అంటూ ఎవరింటి పెరట్లోంచో గుప్పెడు వామాకు తెంపించింది. ఎనిమిదేళ్లు ఇంకొకరి వంటింట్లో ముక్కుతో చదువుకున్న చదువది. ఏ బడి పెట్టింది ఆ చదువు? దానికి సర్టిఫికెట్టు ఎవరిచ్చారు?

మూడు రాళ్ల పొయ్యి మీద బొక్కలు రెండు గంటలు మరిగాయి. ఉల్లిగడ్డ ఎర్రగా వేగింది, టమాటా దగ్గరపడింది, కారం పడింది. ఆమె రేకుల్ని ఒక్కసారిగా వేయనివ్వలేదు. చేత్తో విరిచి, ఒక్కో గుప్పెడూ చల్లుతూ, మధ్యలో కలుపుతూ వేయించింది. "మీద మీద పడితె అంటుకుంటయి. పడుగు పోగులసొంటియి. దేనికది విడిగ ఉండాలె." అది విన్నాక చెప్పాల్సింది ఏముంది? పోగు విడదీయడం పుట్టుకతో వచ్చిన చేతులు అవి.

కొన్ని రేకుల్ని వేరే పెట్టి నిప్పుల మీద ఎర్రగా కాల్పించి రోట్లో కచ్చాపచ్చాగా దంపించింది. "ఇది మాడు" అంది. భట్టి లేదని మాడును వదులుకునే మనిషి కాదు ఆమె.

రెండున్నరకు గంటెతో చారు ఎత్తి పోసి చూసింది. ముఖం ముడుచుకుంది. నీళ్లు ఎక్కువయ్యాయి. చారు చిక్కగా లేదు. రెండు వందల మందికి నీళ్లు తాగిస్తే పాండురంగం మాటే నిజమవుతుంది.

పోశయ్య దూరంగా తన గంజు పక్కన తల వంచుకుని కూర్చున్నాడు. పొద్దుటి నుంచి ఎవరికీ ముఖం చూపించలేదు.

"కాకా, ఆ గంజి పారబోసినవా?" అని కేక వేసింది యాకమ్మ.

"ఇంక లే. ఎక్కిరియ్యకే బిడ్డా."

"కుంచె ముంచినవా అండ్ల?"

"కుంచె ముంచింది చిన్న సట్టిల. ఇది ఎట్లున్నది అట్లనే ఉన్నది."

"ఏమన్న కలిపినవా?"

"కొబ్బరినూనె చుక్క. పడుగు మెత్తగ ఉంటదని."

"మనుషులు కూడ మెత్తగైతరు. ఇటు తే."

ముసలాయన తప్పును గంజుతో సహా ఎత్తి చారులో కుమ్మరించింది. రెండు పొంగులు రానిచ్చింది. గంటె ఎత్తితే చారు ఇప్పుడు తొందర లేకుండా జారింది. పోశయ్య దగ్గరికొచ్చి తొంగిచూశాడు. ఉండ కట్టలేదు. ఆయన పళ్లు లేని నోరు మొదటిసారి నవ్వింది. నూలుకు అరవై ఏళ్లు గంజి కాచినవాడి చేయి మరి!

మూడింటికి జీపు వచ్చింది. తనిఖీ అధికారి దిగేసరికి పిల్లలూ బాలింతలూ ముందు వరసలో తింటున్నారు. అడుగున గట్టి పెరుగు, మీద చారు, ఆ మీద దంచిన మాడు. పది రోజుల తర్వాత పందిట్లో మాటల్లేవు, జుర్రుకునే చప్పుడు తప్ప.

"వీళ్లు సాయం వద్దన్నారని చెప్పారే?" అన్నాడు అధికారి.

పాండురంగం నోరు తెరిచేలోపు యాకమ్మ ఒక గిన్నె అధికారి చేతిలో పెట్టింది. ఆయన మొహమాటానికి ఒక చెంచా తిన్నాడు. తర్వాత మొహమాటం లేకుండా గిన్నె ఖాళీ చేశాడు.

"ఏమిటమ్మా ఇది?"

"మీ గోదాముల అయిదు నెలలు పండుకున్న అన్నం సారూ. డబ్బ అయిపోయింది. సగం మందికి రేకు అందలే. మిగిలినయన్ని తీయించుండ్రి, రెండో గంజు ఎక్కియ్యాలె."

"తాళంచెవి ఇంటికాడ ఉన్నది సార్" అన్నాడు పాండురంగం.

"మరి నడుముకున్నది ఎవలది?" అంది చిలుకమ్మ.

తాళాలు రెండూ తెరుచుకున్నాయి. డబ్బాలు నేల నుంచి కప్పుదాకా గోడలా పేర్చి ఉన్నాయి. ఆడవాళ్లు వరసగా నిలబడి చేతికి చేయి అందించుకుంటూ దించారు. ఒక వరస పోయింది. రెండో వరస పోయింది. మూడో వరసలో డబ్బా తీసిన చిలుకమ్మ చేయి అలాగే ఆగిపోయింది.

వెనక నూలు.

తెల్లటి చిలపల నూలు, మూటల మీద మూటలు. పోశయ్య మనుషుల్ని తోసుకుంటూ లోపలికి పోయి, ఒక పోగు లాగి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. "నలభై నంబరు" అన్నాడు. "మనదే."

సారంగపాణికి ఆ సంతకం ఎందుకు కావలసి వచ్చిందో అప్పుడు అర్థమైంది. డబ్బాలు వద్దంటే డబ్బాలు కదలవు. డబ్బాలు కదలకపోతే వెనకున్నది కనిపించదు. ఆ సాయంత్రమే పందిరి లేచేది, ఏ రాత్రో నూలు ఎత్తుకుపోవడానికి లారీ వచ్చేది. ఆ అట్టగోడను పడగొట్టింది అతని నినాదాలు కావు. ఈ మనిషి గంటె.

అధికారి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "రిపోర్టు రాస్తాను. పైనుంచి ఆర్డరు రావాలి. విచారణ..."

సారంగపాణి పాండురంగం ఇచ్చిన కాగితాన్నే వెనక్కి తిప్పాడు. పొద్దున కింద పెట్టిన కలం తీసుకుని నిలబడే రాశాడు, రాసింది గేటు బయటిదాకా వినిపించేలా చదివాడు.

"ఆహారం ముట్టింది. వండుకున్నాం, తిన్నాం. మిగిలిన డబ్బాలన్నీ ఈ పందిరికి అప్పగించాలి. గోదాము తాళాలు ఈ క్షణం నుంచి నేతగాళ్ల దగ్గర ఉండాలి. నూలు ఎవరి కోసం దాచారో పేరు చెప్పాలి. విచారణ తర్వాత చేసుకోండి, నూలు ఈ పూటే మగ్గానికి ఇంతని పంచండి. భీవండి పోయిన మూడిళ్ల వాటా తీసి పెట్టండి, వాళ్లను మేం పిలిపించుకుంటాం."

అధికారి గేటు బయట పొయ్యి దగ్గరున్న యాకమ్మ వైపు చూశాడు, ఆడమనిషి కదా, నచ్చజెబుతుందేమోనని. ఆమె పొయ్యిలో కట్టె ఎగదోసి, రెండో గంజు ఎత్తిపెట్టింది.

"ఎసరు పెట్టిన సారూ. ఇది దిగేటాళ్లకు నూలు పంచుడు షురువు గావాలె. రాండ్రి, మొదటి మూట మీరే పట్టుండ్రి."