రుమాలు వేసిన సీటు

మామయ్యకు పనిచేసే చెవి ఒక్కటే మిగిలింది, కుడిది. ఎడమది రెండేళ్ల కిందటే మొరాయించింది. ఇంకొకరికైతే ఇదంత పెద్ద సంగతి కాదు, టీవీ సౌండు కాస్త పెంచుకుంటే సరిపోతుంది. ఈయన మొక్కజొన్న గోడౌనులో సూపర్‌వైజరు. బస్తాకు చెవి ఆనించి, ఊపిరి బిగబట్టి, లోపల పురుగుందో లేదో చెబుతాడు. గింజ లోపల ముక్కుపురుగు పిల్ల తొలుస్తుంటే, ఎండుటాకును ఎవరో గోటితో గీకుతున్నట్టు ఉంటుందట. ముప్పై ఏళ్లలో ఆ చెవి నాలుగైదుసార్లకు మించి తప్పు చెప్పలేదు. ఆయన తర్వాత అలా వినగలిగేవాళ్లు ఆ గోడౌనులో లేరు. నేర్పుదామని ఇద్దరు హమాలీలను కూర్చోబెడితే, ఒకడు బస్తా మీదే నిద్రపోయాడు, రెండోవాడికి ప్రతి బస్తాలోనూ పురుగే వినిపించింది.

ఆయన మేనకోడలు విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు చెబుతుంది. చిన్నప్పుడు ఆయన పక్కనే బస్తాలకు చెవి ఆనించి ఆడుకున్న పిల్ల. చదువుకుని ఆ చెవినే యంత్రంగా చేసింది. మూరెడు ఉక్కు కడ్డీ, దాని లోపల నాలుగు చిట్టి మైకులు. బస్తాలో గుచ్చితే ఎక్కడ ఎన్ని పురుగులు తొలుస్తున్నాయో తెరమీద చుక్కలుగా కనిపిస్తాయి. క్యాంపసులో అందరూ ఆమెను పురుగుల మేడమ్ అంటారు. మొదట్లో వెనక అనేవాళ్లు, ఇప్పుడు ముఖానే అంటున్నారు.

ఉన్నది ఒకే కడ్డీ. నిజమైన గోడౌనులో, లారీల రొద మధ్య పని చేయించాలంటే ఇరవై కావాలి, చప్పుడు చొరబడని గదొకటి కావాలి. దానికి తగిన నిధి ఒకటుంది. ఒక పెద్ద ఫౌండేషన్ ఏడాదికోసారి ఇస్తుంది. షరతు ఒక్కటే: ఒక్కో విశ్వవిద్యాలయం నుంచి ఒకే ఒక్క దరఖాస్తు. రెండు వెళ్లాయా, రెండూ చెత్తబుట్టకే.

పురుగుల మేడమ్‌కు ఇంకో మెలిక కూడా ఉంది. ఆమెది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రధాన పరిశోధకురాలిగా సొంత పేరు మీద ఒక నిధి తెస్తే పర్మనెంటు. తేకపోతే వేసవి సెలవులతో సరి. అలా రాసిచ్చిన కాగితం ఆమె బీరువాలో, పెళ్లి ఫొటోల కింద ఉంది.

ఒకే దరఖాస్తు కాబట్టి ముందు విశ్వవిద్యాలయం లోపలే పోటీ పెట్టారు. ఏడుగురు రెండేసి పేజీలు రాసిచ్చారు. కమిటీ కూర్చుని, అందరూ పెద్దసారు అనే సీనియరు ప్రొఫెసరును ఎంపిక చేసింది, పురుగుల మేడమ్‌ను రెండో స్థానంలో పెట్టింది. మొదటివారు వదులుకుంటే రెండోవారు పంపొచ్చు.

పెద్దసారు చెడ్డవాడైతే ఈ కథ ఇంత చిరాగ్గా ఉండేది కాదు. ఆయన మంచివాడు. ఎదురుపడితే నిలబడి పిల్లల చదువులు అడుగుతాడు. ఆకాశం నుంచి నేలలో తడి కొలిచే ఆలోచన ఆయనది, ఆ రెండు పేజీలు చదివితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆయన ఆలోచనలన్నీ రెండు పేజీలే. మూడోది ఎప్పుడూ రాయడు. కిందటేడు, అంతకుముందేడు కూడా ఆ స్థానం ఆయనదే. రెండేళ్లూ విశ్వవిద్యాలయం నుంచి ఏమీ వెళ్లలేదు.

"అంటే, రుమాలు వేశాడన్నమాట," అన్నాడు ఆమె మొగుడు. అతను బస్సు కండక్టరు. పొద్దున్నే డ్యూటీకి పోతూ, టిక్కెట్ల మిషను ఛార్జింగు నుంచి తీసి భుజాన వేసుకుంటున్నాడు. "కిటికీలోంచి సీటు మీద రుమాలు వేసి, తను పోయి టీ తాగుతుంటాడు. నేను రోజూ చూసేదే."

"మరి మీ బస్సులో ఏం చేస్తారు?"

"బండి కదిలిందాకా చూస్తాం. కదిలాక రుమాలు తీసి పక్కన పెట్టి, నిలబడ్డవాళ్లను కూర్చోమంటాం. మీ యూనివర్సిటీలో కండక్టరు లేడా?"

"ఉంది. రుమాలు వేసినాయనే వచ్చి తీయాలంటుంది."

ఆ కండక్టరు పేరు క్యాంపసులో ముద్రక్క. రీసెర్చ్ ఆఫీసులో సూపరింటెండెంటు. కాగితం తిన్నగా ఉంటే ముద్ర కొడుతుంది, లేకపోతే ముద్ర సొరుగులో పెట్టి తాళం వేస్తుంది. ముద్రక్క పురుగుల మేడమ్‌కు ఒక వాక్యం టైపు చేసిచ్చింది: 'ఈ అవకాశాన్ని నేను వదులుకుంటున్నాను.' కింద సంతకానికి గీత.

"దీనిమీద సారు సంతకం తెండి మేడమ్. ఆ నిమిషమే మీ పేరుకు మారుస్తా."

నెల రోజులు ఆ కాగితం ఫైల్లో పెట్టుకుని తిరిగింది పురుగుల మేడమ్. మొదటిసారి వెళ్తే పెద్దసారు కుర్చీ చూపించి కూర్చోబెట్టాడు.

"ఇంకా ఇరవై ఎనిమిది రోజులుంది కదమ్మా. ఈసారి నిజంగానే రాద్దామనుంది. ఒక వారం చూసి చెబుతా."

వారానికి వెళ్తే సెమినారు. రెండో వారం ఆయన లేడు. మూడో వారం దొరికితే, "నువ్వు రాసేసుకున్నావా? భలే! చూపించు," అని ఆమె నలభై పేజీలూ నిలబెట్టి చదివించుకుని, రెండు మంచి తప్పులు పట్టి, ఆప్యాయంగా భుజం తట్టి పంపాడు. ఆమె మెట్లు దిగాక గాని సంతకం సంగతి గుర్తురాలేదు. వెనక్కి పరిగెత్తేసరికి తలుపుకు తాళం.

మధ్యలో మామయ్య ఫోన్లు.

"ఏమే, నీ కడ్డీలు ఎందాకా వచ్చాయి?"

"కాగితాల దగ్గరున్నాయి మామయ్యా."

"కానీ, కానీ. ఇక్కడ పురుగులకు మనవలు పుట్టారు. బారసాలకు నిన్ను పిలవమంటున్నాయి."

ఆఖరిరోజు వచ్చింది. సాయంత్రం అయిదింటికి గడువు. పొద్దున పదింటికి పెద్దసారు తనంతట తానే ఫోను చేశాడు.

"అమ్మా, నావల్ల కాలేదు. నువ్వే పంపెయ్. ముద్రక్కకు కూడా చెప్పాను."

ఆమె లేచి నిలబడి మరీ థాంక్స్ చెప్పింది. నెలరోజుల కోపం ఆ ఒక్క ఫోనుతో దిగిపోయినందుకు తనమీద తనకే చిరాకేసింది. ముద్రక్క మాత్రం, "మాటకు ముద్ర వేయలేను మేడమ్. మీరు అప్‌లోడు మొదలుపెట్టండి, సాయంత్రంలోగా సంతకం పట్టుకుందాం," అంది. ఆ మాత్రం సడలింపు ఆవిడ సర్వీసులోనే మొదటిది.

నలభై పేజీలు, తొమ్మిది జతపత్రాలు. పేరు, శాఖ, విశ్వవిద్యాలయం నింపి 'ముందుకు' నొక్కింది. ఎర్రక్షరాలు వచ్చాయి: 'మీ సంస్థ నుంచి ఇప్పటికే ఒక దరఖాస్తు తెరిచి ఉంది. రెండోది స్వీకరించబడదు.'

ముద్రక్క కళ్లజోడు మార్చుకుని చదివింది. ఇంకోసారి చదివింది.

"ఎవరు తెరిచారు?"

ఇద్దరికీ తెలుసు.

ఫౌండేషనుకు ఫోను చేస్తే పాట వినిపించింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అంది, మళ్లీ పాట. పెద్దసారు ఫోను స్విచ్ఛాఫ్. రెండో అంతస్తులో ఎవరిదో పిహెచ్‌డీ మౌఖిక పరీక్ష, ఆయన పరీక్షకుడు. తలుపు మీద 'లోపలికి రాకూడదు' అని అట్ట వేలాడుతోంది. పురుగుల మేడమ్ ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఎదురుగా బల్లమీద కూర్చుంది. ముద్రక్క ఆఫీసు వదిలి తానూ వచ్చి పక్కన కూర్చుంది, ముద్రా ఇంకుప్యాడూ చేతిసంచిలో వేసుకుని. లోపల్నుంచి నవ్వులు వినిపించాయి. రెండు దాటింది, మూడు దాటింది. టీ పళ్లెం లోపలికి వెళ్లింది, ఖాళీ కప్పులతో బయటికి వచ్చింది.

"టీ ఇచ్చేవాడికి ఆ అట్ట వర్తించదా అక్కా?"

"ఆ పళ్లెం మీరు పట్టుకున్నా బాగుండేది."

నాలుగూ పదికి తలుపు తెరుచుకుంది. పెద్దసారు చిరునవ్వుతో బయటికొచ్చి ఇద్దరినీ చూసి ఆశ్చర్యపోయాడు.

"ఇంకా పంపలేదా?"

ఆమె తెర చూపించింది. ఆయన ముఖం వెలిగింది.

"ఓ, అదా! నేనే తెరిచానమ్మా, మొన్న ఆదివారం. నీకోసమే. ఆలస్యమైతే మన విశ్వవిద్యాలయం స్థానం ఎక్కడ పోతుందోనని పేరొకటి వేసి సీటు పట్టి ఉంచా."

"ఆ సీట్లో ఇంకెవరూ కూర్చోరు సార్. అది మనదే. మనలో ఎవరన్నది ఒక్కటే..." ఆమె వాక్యం మధ్యలోనే వదిలేసింది. "తెరిచినట్టు నాకొక్క మాట చెప్పుంటే!"

"మంచిపనేగా, చెప్పడమెందుకనుకున్నా."

"పొరపాటు చేశానని ఎప్పుడైనా అంటారా సార్?" అంది ముద్రక్క, కళ్లజోడు తుడుచుకుంటూ.

దరఖాస్తు మూసేయాలంటే ఆయన పాస్‌వర్డ్ కావాలి. ఆయనకు గుర్తులేదు. మార్చుకోవాలంటే ఫోనుకు ఓటీపీ వస్తుంది. ఎంతసేపటికీ రాలేదు. చివరికి బయటపడింది. ఆ ఖాతాను ఆరేళ్ల కిందట ఆయన శిష్యుడొకడు తెరిచిచ్చాడు, తన నంబరుతో. ఆ శిష్యుడిప్పుడు వేరే విశ్వవిద్యాలయంలో ఉన్నాడు. ఫోను చేస్తే ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తి గుసగుసగా అన్నాడు.

"సార్, క్లాసులో ఉన్నాను. ఇందాకట్నుంచి ఏవో నంబర్లు వస్తున్నాయి, మోసగాళ్లేమోనని చెరిపేశాను."

"మోసగాళ్లం కాదు నాయనా, మేమే."

ఇంకోసారి పంపించారు. ఆరంకెలు చెప్పాడు. నాలుగూ నలభై నాలుగుకు పెద్దసారు దరఖాస్తు తెరుచుకుంది. పేరు తప్ప అందులో ఏమీ లేదు. కింద రెండు బొత్తాలు: 'సమర్పించు', 'ఉపసంహరించు'. రెండోదాని కింద సన్నటి అక్షరాల్లో ఒక వాక్యం. ముద్రక్క దాన్ని పైకి చదివింది.

"'ఉపసంహరించిన స్థానం తర్వాతి పనిదినం ఉదయం తొమ్మిదికి తిరిగి తెరుచుకుంటుంది.'"

గడువు ఇవాళ అయిదు.

"అయితే ఏముందమ్మా," అన్నాడు పెద్దసారు ముందుగా తేరుకుని. "ఇందులోనే నీ పేజీలు ఎక్కించెయ్. ప్రధాన పరిశోధకుడిగా నా పేరుంటుంది, రెండోది నీ పేరు. పనంతా నీదే. నాకేం అక్కర్లేదు, తెలుసుగా."

నిజమే, ఆయనకేం అక్కర్లేదు. అదే ఆమెను మండించింది. కావాలనుకుని లాక్కునేవాడితోనైతే కొట్లాడొచ్చు.

ఆమె వేళ్లు కీబోర్డు మీదే ఉన్నాయి. పది నిమిషాలు చాలు, పేజీలన్నీ సిద్ధంగానే ఉన్నాయి. పంపితే కడ్డీలు రావచ్చు. ఉద్యోగం మాత్రం రాదు, సొంత పేరు కాదు కదా. కడ్డీలొచ్చేనాటికి తను ఈ గేటు బయట ఉంటుంది.

"సార్, ఇంటర్‌వ్యూకు ప్రధాన పరిశోధకుణ్ని ఒక్కణ్నే పిలుస్తారు. నన్ను లోపలికి రానివ్వరు."

"నేను వెళ్తా. చెబుతా."

"లారీ మోతలోంచి పురుగు చప్పుడును ఎలా వేరు చేస్తారని అడుగుతారు."

పెద్దసారు గడ్డం నిమురుకున్నాడు. "నువ్వు ముందురోజు నాకు చెబుతావుగా."

"అది చెప్పడానికి నాకు ఆరేళ్లు పట్టింది."

ముద్రక్క నియమాల కాగితం ఆమె ముందుకు జరిపి ఒకచోట వేలు పెట్టింది. ఒకసారి తిరస్కరించిన అంశం మూడేళ్లదాకా మళ్లీ పంపకూడదు; పంపనిదానికి ఆ అడ్డు లేదు. ఆమె అది ఎప్పుడో చదివింది. ఇప్పుడు ఆ వేలు కింద ఇంకా పెద్దగా కనిపించింది.

మూడేళ్లంటే మామయ్య కుడిచెవి ఎన్నాళ్లుంటుందో లెక్కేసుకుంది. రెండో స్థానంలో తన పేరును ఊహించుకుంది. గోడ గడియారం నాలుగూ యాభై మూడు చూపిస్తుండగా 'ఉపసంహరించు' నొక్కింది.

'మీ నిర్ణయం ఖాయమేనా?' అని అడిగింది తెర. నెలరోజులుగా ఆమెను ఎవరూ ఇంత మర్యాదగా అడగలేదు. అవును అని నొక్కింది.

పెద్దసారు బాధపడ్డాడు. నిజంగానే బాధపడ్డాడు. "తొందరపడ్డావమ్మా," అన్నాడు. ఏదో ఒకటి చేయాలనిపించిందేమో, ఆమె ఫైల్లోంచి జారుతున్న కాగితాన్ని తనే లాక్కుని చదివి, జేబులోంచి పెన్ను తీసి గీతమీద సంతకం పెట్టాడు. తేదీ వేశాడు. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

ముద్రక్క సంచిలోంచి ముద్ర తీసింది. ఇంకుప్యాడు మీద అద్ది, కాగితం మీద గట్టిగా కొట్టింది. పక్కన టైము వేసింది: 4.58.

"ఇది దేనికక్కా ఇప్పుడు?"

"ఫైలుకు. మూడేళ్లలో ఈ సీటు గురించి వచ్చిన మొదటి కాగితం ఇదే."

పెద్దసారు రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"దిగులుపడకు. నీ కాంట్రాక్టు సంగతి వీసీతో నేను మాట్లాడతా. వచ్చే ఏడు ముందే నీకోసం సీటు పట్టి పెడతా."

"వద్దు సార్," అంది పురుగుల మేడమ్. గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది, కారిడార్లో ఇద్దరు తిరిగి చూశారు. "దండం పెడతాను, నాకోసం సీటు పట్టకండి. నేను నిలబడే వస్తాను."

ఆయన నొచ్చుకున్నట్టు తలూపి మెట్లు దిగిపోయాడు.

బస్టాపులో ఉండగా మామయ్య ఫోను. ఆయన గోడౌనులోనే ఉన్నట్టున్నాడు, వెనక హమాలీల కేకలు.

"ఏమైందే? పంపావా?"

"లేదు మామయ్యా."

"ఆఁ? ఏంటి? ఆగు, చెవి మార్చుకుంటా." కాస్త గరగర. "ఇప్పుడు చెప్పు."

"పంపలేదన్నాను. ఈ ఏడాదికి లేదు."

ఎక్కడో లారీ స్టార్టయింది, అది వెళ్లిపోయేదాకా ఆగాడు.

"మరి నీ ఉద్యోగం?"

"తెలీదు."

"ఊఁ. ఆ ఉన్న ఒక్క కడ్డీ పట్టుకుని ఆదివారం రా. ఉత్తరం వైపు పేర్చిన బస్తాల నెట్టులో ఏదో గీకుతున్నట్టుంది. నాకు అనుమానంగా ఉంది, ఈ మధ్య ఈ చెవి కూడా ఉండీ ఉండీ..."

బస్సు వచ్చింది. కిటికీ పక్క సీట్లన్నిటి మీదా రుమాళ్లు. ఆమె పైకమ్మీ పట్టుకుని నిలబడి, "వస్తాను మామయ్యా, బస్తాలు కదిలించనీకు," అంది.